కోడ్ అందరిదీ, తాళాలు ఒకరివి: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో నాయకత్వ గొడవలు ఎందుకు తెగవు

2009 జులై 30న సెంట్‌ఓఎస్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వెబ్‌సైట్ తెరిచినవాళ్లకు ఒక బహిరంగ లేఖ కనిపించింది. లెక్కలేనన్ని సర్వర్లు ఆ లినక్స్ మీద నడుస్తున్న రోజులవి. లేఖ రాసింది బయటివాళ్లు కాదు, రోజూ ఆ ప్రాజెక్టును నడిపిస్తున్న డెవలపర్లే. ఎవరికి రాశారంటే, తమ సహ వ్యవస్థాపకుడికే. లేఖ సారాంశం ఇది: మీరు ఎన్నాళ్లుగానో కనిపించడం లేదు, ఫోన్ కలవడం లేదు, కానీ డొమైన్ మీ పేరు మీదే ఉంది, విరాళాలు వచ్చే పేపాల్ ఖాతా మీ చేతిలోనే ఉంది, చాట్ చానెళ్ల మీద అధికారమూ మీదే, మేమందరం వెళ్లిపోతే ఈ ప్రాజెక్టు చచ్చిపోతుంది, దయచేసి వెంటనే మాట్లాడండి.

కొద్ది రోజుల్లోనే ఆయన స్పందించారు, అందరూ మాట్లాడుకున్నారు, గొడవ సర్దుకుంది, సెంట్‌ఓఎస్ బతికింది. కానీ ఆ లేఖ దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. సెంట్‌ఓఎస్ కోడ్ మొత్తం బహిరంగమే, ఎవరైనా కాపీ చేసుకోవచ్చు. ఆ లేఖ కింద సంతకాలు పెట్టినవాళ్లకు ఆ సిస్టమ్‌ను తయారు చేయడం అందరికన్నా బాగా వచ్చు. అయినా ఒక మనిషిని అలా బతిమాలుకోవాల్సి వచ్చిందంటే, ఇరుక్కుపోయింది కోడ్ కాదు, పేరు, ఖాతా, పాస్‌వర్డ్. కర్ర ఉన్నవాడిదే బర్రె అనే మాట అక్కడ అక్షరాలా నిజమైంది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో నాయకత్వ గొడవ వచ్చిన ప్రతిసారీ జనం దాన్ని ఇద్దరు మొండివాళ్ల పోట్లాటలా చూస్తారు. ఎవరు ఎవర్ని తిట్టారు, ఎవరిది అహంకారం, ఎవరిది అసూయ అని. అవి ఉండవని కాదు. కానీ చాలా ఏళ్లుగా ఈ గొడవలు చూస్తూ, ఒక చిన్న ప్రాజెక్టులో స్వయంగా పడి లేచిన తర్వాత నాకు అనిపించేది ఒక్కటే. అడగాల్సిన ప్రశ్న "ఈయన మంచివాడా చెడ్డవాడా" అని కాదు, "ఈయన తప్పు చేస్తే ఎవరు ఆపగలరు, ఏ దారిలో ఆపగలరు" అని. ఆ ప్రశ్నకు జవాబు రాసి లేని చోట చిన్న గొడవ కూడా చీలికకు దారి తీస్తుంది, జవాబు ఉన్న చోట పెద్ద గొడవ కూడా ఓటింగ్‌తో ముగుస్తుంది.

లైసెన్స్ చెప్పేది, చెప్పనిది

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటే నాలుగు స్వేచ్ఛలు: ప్రోగ్రామ్‌ను ఏ పనికైనా వాడుకోవడం, లోపల ఎలా పనిచేస్తుందో చదివి మార్చుకోవడం, కాపీలు పంచిపెట్టడం, మార్చిన కాపీలను కూడా పంచిపెట్టడం. ఈ నాలుగూ కోడ్ గురించే. మనం పంపిన ప్యాచ్‌ను, అంటే కోడ్ సవరణను, ఎవరు చేర్చాలి, ప్రాజెక్టు పేరు మీద ట్రేడ్‌మార్క్ ఎవరిది, వచ్చిన డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది, కొత్త వెర్షన్ మీద డిజిటల్ సంతకం పెట్టే తాళం ఎవరి లాప్‌టాప్‌లో ఉంది, ప్రాజెక్టు తరఫున ఎవరు మాట్లాడాలి, వీటిలో ఒక్కదాని గురించి కూడా లైసెన్స్ నోరు విప్పదు. అంటే కోడ్ విషయంలో మనమందరం సమానం, ప్రాజెక్టు విషయంలో కాదు. ఈ తేడా మామూలు రోజుల్లో ఎవరికీ కనపడదు.

కనపడే రోజు ఎలా ఉంటుందో 2024లో వర్డ్‌ప్రెస్ చూపించింది. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా నడిచేది దాని మీదే. సహ వ్యవస్థాపకుడు మాట్ ముల్లెన్‌వెగ్‌కు, డబ్ల్యూపీ ఇంజిన్ అనే హోస్టింగ్ కంపెనీకి ఆ సెప్టెంబరులో గొడవ మొదలైంది. మా శ్రమ మీద సంపాదిస్తున్నారు, తిరిగి ఇస్తున్నది తక్కువ అని ఆయన ఫిర్యాదు, ఆదాయంలో 8 శాతం అడిగారు. నిజం చెప్పాలంటే ఆ ఫిర్యాదులో న్యాయమే లేదని నేను అనను, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను వాడుకుని ఎదిగిన కంపెనీలు తిరిగి ఎంత ఇవ్వాలన్నది నిజమైన ప్రశ్న. కానీ ఆ తర్వాత జరిగినవి చూడండి. ఆ కంపెనీ సర్వర్లకు వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ నుంచి అప్‌డేట్లు అందకుండా ఆపేశారు, దాంతో ఏ పాపం ఎరగని వాళ్ల కస్టమర్ల సైట్లు చిక్కుల్లో పడ్డాయి. అక్టోబరులో లాగిన్ పేజీ మీద "నాకు డబ్ల్యూపీ ఇంజిన్‌తో ఏ సంబంధమూ లేదు" అని టిక్ పెట్టమనే పెట్టె వచ్చింది, ప్రాజెక్టుకు ఏళ్ల తరబడి పనిచేసిన వాలంటీర్లు కూడా అది టిక్ చేస్తేగానీ లోపలికి వెళ్లలేని పరిస్థితి. అక్టోబరు 12న ఆ కంపెనీ నిర్వహిస్తున్న ఒక ప్రసిద్ధ ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కు తగిలించుకునే అదనపు ప్రోగ్రామ్) పేజీనే స్వాధీనం చేసుకుని వేరే పేరు పెట్టారు. డిసెంబరు 10న కోర్టు తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చాక గానీ ఇవి వెనక్కి పోలేదు.

అన్ని లక్షల మంది వాడే ప్రాజెక్టులో ఒక మనిషి ఇన్ని పనులు వరసగా చేస్తుంటే లోపలి నుంచి ఆపే దారి ఒక్కటీ లేకపోయింది, ఎందుకంటే వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ సైట్ వర్డ్‌ప్రెస్ ఫౌండేషన్ అనే సంస్థది కాదు, ఆయన సొంతం. చాలామంది వాలంటీర్లకు ఈ సంగతి తెలిసిందే ఆ గొడవలో. ఆయన కంపెనీ ఆటోమాటిక్‌లో, నా దారి నచ్చనివాళ్లు వెళ్లిపోవచ్చు అని 30,000 డాలర్లు లేదా 6 నెలల జీతం, ఏది ఎక్కువైతే అది ఇస్తామంటే 159 మంది తీసుకుని వెళ్లిపోయారు. లోపల ఉండి ప్రశ్నించే దారి లేనప్పుడు వెళ్లిపోవడం ఒక్కటే మిగులుతుంది, అలా వెళ్లినవాళ్లతో పాటు ప్రశ్నించే గొంతులూ వెళ్లిపోతాయి.

ఫ్రీనోడ్ సంగతీ ఇంతే. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల చాట్ చానెళ్లకు ఏళ్ల తరబడి ఇల్లు లాంటి నెట్‌వర్క్ అది. రోజూ నడిపేది వాలంటీర్లు, చట్టపరంగా దాన్ని చేతిలో పెట్టుకున్న కంపెనీ మాత్రం 2017లోనే చేతులు మారింది. ఆ కాగితానికి ఎంత బలముందో, 2021లో కొత్త యజమాని నెట్‌వర్క్ నాదేనని పట్టు బిగించినప్పుడు బయటపడింది. మే 19న వాలంటీర్లు మూకుమ్మడిగా రాజీనామా చేసి లిబెరా చాట్ పెట్టుకున్నారు.

"నచ్చకపోతే ఫోర్క్ చేసుకో"

ఈ మాట వినని ఓపెన్ సోర్స్ డెవలపర్ ఉండరు. కోడ్ కాపీ తీసుకుని వేరే పేరుతో వేరే కుంపటి పెట్టుకోవడమే ఫోర్క్. నాయకుడి మీద నమ్మకం పోతే ఇదే ఆఖరి ఆయుధం, చరిత్రలో ఇది గొప్పగా పనిచేసిన సందర్భాలున్నాయి. 1997లో, రాసిన కోడ్‌ను కంప్యూటర్ నడపగలిగే ప్రోగ్రామ్‌గా మార్చే జీసీసీ కంపైలర్ అభివృద్ధి మరీ నత్తనడక నడుస్తోందని కొందరు ఈజీసీఎస్ అనే ఫోర్క్ తీశారు. రెండేళ్లు తిరక్కుండానే, 1999లో, ఆ ఫోర్కే అధికారిక జీసీసీ అయింది. 2010లో ఒరాకిల్ చేతిలో పడ్డ ఓపెన్ఆఫీస్ నుంచి లిబ్రేఆఫీస్ పుట్టింది, ఇవాళ జనం వాడేది దాన్నే. సర్వర్ల మీద జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ జేఎస్‌లో ఒకే కంపెనీ పట్టు నచ్చక 2014 డిసెంబరులో ఐఓ జేఎస్ పేరుతో చీలిపోయిన డెవలపర్లు, మరుసటి ఏడాదే కొత్త ఫౌండేషన్ కింద మళ్లీ కలిశారు. అక్కడ ఫోర్క్ విడాకులు కాలేదు, మాట వినిపించుకునేందుకు దొరికిన దారి అయింది.

అయితే ఈ విజయగాథలన్నిటిలో ఒక పోలిక ఉంది. చీలిపోయినవాళ్లు ఒకరిద్దరు కాదు, ప్రాజెక్టులో పనిచేసే ముఖ్యులంతా దాదాపు ఒక్క తాటి మీద బయటికి నడిచారు, వెనక కంపెనీల అండో సర్వర్లు నడిపే శక్తో ఉంది. ఒంటరిగా అన్యాయం జరిగిన మనిషికి ఫోర్క్ ఏ రకంగానూ న్యాయం చేయదు. మెయింటైనర్ (ప్రాజెక్టు బాగోగులు చూసే మనిషి) నన్ను అందరి ముందూ అవమానించాడు అని చెప్పుకున్నవాళ్లకు "ఫోర్క్ చేసుకో" అని జవాబివ్వడం అంటే, ఇంట్లో పెద్దాయన కొట్టాడని ఏడుస్తున్న పిల్లాడితో "నీకు వేరే ఇల్లు కట్టుకునే హక్కు ఉంది కదా" అన్నట్టే. హక్కు నిజమే, కానీ వాళ్లు అడిగింది అది కాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది, దీన్ని దాచడం నిజాయితీ కాదు. 1994 డిసెంబరులో నెట్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోర్ టీమ్, యూజర్లతో, డెవలపర్లతో మాట్లాడే తీరు బాగా లేదంటూ తమ వ్యవస్థాపకుల్లో ఒకరైన థియో డి రాట్‌ను తప్పుకోమంది. ఆయన మరుసటి ఏడాది ఓపెన్‌బీఎస్‌డీ అనే ఫోర్క్ మొదలుపెట్టారు. అక్కడి నుంచే 1999లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ వచ్చింది, ఇవాళ సర్వర్‌లోకి దూరం నుంచి లాగిన్ అయ్యే ప్రతి ఇంజినీరూ దాదాపు దాన్నే వాడుతున్నారు. మరి నెట్‌బీఎస్‌డీ చేసింది తప్పా? నేను అలా అనుకోను. ఒక మనిషి ఒక బృందంలో ఇమడకపోవడం, అదే మనిషి వేరే చోట అద్భుతంగా పనిచేయడం, రెండూ ఒకేసారి నిజం కావచ్చు. జవాబుదారీతనం అంటే మనిషిని తుడిచేయడం కాదు.

మాట తీరు చిన్న విషయం కాదు

నాకు తెలిసిన ఒక సంఘటన చెప్తాను. నేనొక చిన్న లైబ్రరీ (వేరే ప్రోగ్రామ్‌లు వాడుకునే కోడ్) మీద కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను, కమిట్ హక్కులు, అంటే కోడ్‌లో మార్పులు చేర్చే హక్కులు, ఉన్నది ముగ్గురికి. ఒకసారి కొత్తగా వచ్చిన ఒకరు తేదీలు లెక్కించే ఫంక్షన్‌లో లీప్ సంవత్సరం దగ్గర తప్పు పట్టుకుని ప్యాచ్ పంపారు. మొత్తం పదకొండు లైన్లు, దానికి టెస్ట్ కూడా రాశారు. లైన్ల మధ్య ఖాళీలు మా పద్ధతిలో లేవు, లోపమంటే అదొక్కటే. మా ముఖ్య మెయింటైనర్ ఇచ్చిన జవాబు: "నియమాలు చదవడం కూడా రానివాళ్లు ఇక్కడ అందరి టైమ్ వేస్ట్ చేయొద్దు." ప్యాచ్ మూసేశారు. అవతలి మనిషి "సారీ" అని ఒక్క మాట రాసి వెళ్లిపోయారు, మళ్లీ కనిపించలేదు. ఆ సమయానికి నేను ఆన్‌లైన్‌లోనే ఉన్నాను. చదివాను. ఏమీ అనలేదు. ఆయన మంచివాడే, రోజుకు పది గంటలు పనిచేసి అలసిపోయి ఉంటాడు, ఇప్పుడు కదిలిస్తే ఇంకా పెద్దదవుతుంది అనుకున్నాను. ఆ తప్పు ఎనిమిది నెలలు కోడ్‌లో అలాగే ఉండిపోయింది.

ఇలాంటివి లెక్కలోకి రావు. ఒక నాయకుడు రాసిన కోడ్‌కు లెక్క ఉంటుంది, ఎన్ని కమిట్లు, ఎన్ని లైన్లు, ఎన్నేళ్లు. ఆయన మాటకు జడిసి రెండో ప్యాచ్ పంపని మనుషులకు లెక్క ఉండదు. అందుకే "ఆయన చేసిన మేలు ముందు ఇదెంత" అనే వాదన ప్రతి గొడవలో తేలిగ్గా గెలుస్తుంది, త్రాసులో ఒక పళ్లెం మాత్రమే కనిపిస్తుంది కాబట్టి.

లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ ప్రాజెక్టు ఈ దారిలో చాలా దూరం నడిచింది. దాని సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ తిట్లు దశాబ్దాల పాటు పరిశ్రమలో కథలుగా చెప్పుకునేవారు, నిక్కచ్చి మనిషి అంటే అలాగే ఉండాలని కుర్రాళ్లు అనుకరించేవారు కూడా. యూఎస్‌బీ 3.0 డ్రైవర్ రాసిన ఒక డెవలపర్ 2013లోనే ఈ తీరు మారాలని అందరి ముందూ అడిగారు, పెద్దగా మారలేదు, 2015లో కెర్నల్ పని వదిలేశారు. 2018 సెప్టెంబరు 16న మాత్రం ఎవరూ ఊహించనిది జరిగింది. 4.19 వెర్షన్‌కు నాలుగో ట్రయల్ విడుదల ప్రకటిస్తూ రాసిన మెయిల్‌లోనే టోర్వాల్డ్స్ క్షమాపణ చెప్పారు: మెయిళ్లలో తను చేసిన దాడులు అనవసరమైనవని, ఎదుటివాళ్ల భావాలు అర్థం చేసుకోవడంలో తనకు సాయం కావాలని, కొంతకాలం పక్కకు వెళ్తున్నానని. సీనియర్ కెర్నల్ మెయింటైనర్ గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ పగ్గాలు పట్టుకుని అక్టోబరు 22న 4.19 విడుదల చేశారు, కెర్నల్ ఆగిపోలేదు. టోర్వాల్డ్స్ తిరిగొచ్చారు. ఆయన క్షమాపణ చెప్పిన వారమే పాత మార్గదర్శకాల స్థానంలో అసలైన ప్రవర్తనా నియమావళి వచ్చి చేరింది.

నాకు ఇందులో గొప్పగా అనిపించేది క్షమాపణ ఒక్కటే కాదు. 2024 నవంబరులో ఒక ఫైల్‌సిస్టమ్ రచయిత ఇంకో డెవలపర్‌తో దురుసుగా మాట్లాడినప్పుడు, 6.13 వెర్షన్ కాలమంతా ఆయన మార్పులు తీసుకోకుండా నియమావళి కమిటీ ఆంక్ష పెట్టింది. అది సరైన శిక్షా కాదా అని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ దానికో కమిటీ ఉంది, రాసిన నిబంధన ఉంది, ఇంత కాలమని గడువు ఉంది. 2013లో అవేవీ లేవు.

స్టాల్‌మన్ వ్యవహారం

అన్నిటికన్నా చిక్కు పడిన ముడి ఇదే. రిచర్డ్ స్టాల్‌మన్ లేకపోతే మనం మాట్లాడుకుంటున్న విషయమే లేదు. 1983లో స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించింది, 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ స్థాపించింది, జీపీఎల్ లైసెన్స్ రాసింది ఆయనే. 2019 సెప్టెంబరులో, బాలికల మీద లైంగిక నేరాలకు సంబంధించిన ఎప్‌స్టీన్ కేసులో, చనిపోయిన ప్రొఫెసర్ మార్విన్ మిన్స్‌కీ మీద వచ్చిన ఆరోపణలో వాడిన పదాలను తప్పుబడుతూ ఆయన ఎంఐటీలో రాసిన మెయిళ్లు బయటికొచ్చాయి. వాటితో పాటు మహిళలతో ఆయన ప్రవర్తన గురించి పాత ఫిర్యాదులూ పైకి తేలాయి. సెప్టెంబరు 16న ఎంఐటీకీ, ఫౌండేషన్ అధ్యక్ష పదవికీ, బోర్డుకూ రాజీనామా చేశారు.

2021 మార్చిలో తిరిగి బోర్డులోకి వచ్చారు. ఆ విషయం జనానికి తెలిసింది ఫౌండేషన్ ద్వారా కాదు, ఒక సమావేశంలో ఆయన నోటి నుంచే. ఎవరు ఓటేశారు, ఏం చర్చించారు, పాత ఫిర్యాదులపై ఏం తేల్చారు, ముందుగా ఒక్క మాట లేదు. తొలగించాలని ఒక లేఖ, సమర్థిస్తూ ఇంకో లేఖ, రెండింటికీ వేల సంతకాలు. రెడ్ హ్యాట్ నిధులు ఆపేసింది. జీసీసీ స్టీరింగ్ కమిటీ తన జాబితాలోంచి ఆయన పేరు తీసేసింది, అదే ఏడాది కాపీరైట్‌ను తప్పనిసరిగా ఫౌండేషన్‌కు రాసివ్వాలనే నిబంధన కూడా ఎత్తేసింది.

ఆయన మాటల మీద నా అభిప్రాయం నాకుంది: పీఠం మీద కూర్చున్న మనిషి మాటకు బరువు ఎక్కువ, ఆ బరువు తెలియకపోవడమే ఆ పీఠానికి పెద్ద అనర్హత. కానీ నన్ను ఎక్కువ కలవరపెట్టింది బోర్డు తీరు. ఫౌండేషన్‌కు ఏటా డబ్బు కట్టే వేలమంది అసోసియేట్ సభ్యులకు బోర్డును ఎన్నుకునే ఓటు లేదు. స్వేచ్ఛ పేరుతో నడిచే సంస్థలో సభ్యుడికి తన నాయకత్వం మీద ఏ హక్కూ లేకపోతే, ఆ కోపం ఎక్కడికి పోతుంది? బహిరంగ లేఖల్లోకి పోతుంది. లేఖల్లో సాక్ష్యం పరిశీలించేవాళ్లు ఉండరు, నిందపడ్డ మనిషి జవాబు వినేవాళ్లు ఉండరు, కొన్ని ఆరోపణలు నిజం, కొన్ని అతిశయం, అన్నీ ఒకే గాట కట్టేస్తారు. సరైన విచారణ జరగకపోతే ఫిర్యాదు చేసినవాళ్లకూ అన్యాయమే, ఫిర్యాదు పడినవాళ్లకూ అన్యాయమే.

అదే సమయంలో వాలంటీర్లు నడిపే లినక్స్ ప్రాజెక్టు డెబియన్ కూడా ఈ విషయంపై ఏం ప్రకటించాలా అని ఓటు పెట్టింది. ఎనిమిది ప్రత్యామ్నాయాల్లో గెలిచింది, డెబియన్ దీనిపై ఏ ప్రకటనా చేయదు అన్నది. చాలామంది నిరాశపడ్డారు, నేనూ కొంత. కానీ ఆ ఓటింగ్‌లో ఇంకో సమస్య బయటపడింది. ఎవరు దేనికి ఓటేశారో బహిరంగంగా ఉండే పద్ధతి కావడంతో, వేధింపులకు గురవుతామని సభ్యులు భయపడ్డారు. ఊరుకోలేదు, 2022లో ఇంకో ఓటు పెట్టి ఇకపై తీర్మానాల్లో ఓటు రహస్యంగా ఉంచాలని నిర్ణయించారు. గొడవలో దొరికిన పాఠాన్ని రాజ్యాంగంలో రాసుకోవడం అంటే ఇదీ. డెబియన్‌కు 1998 నుంచి రాసిన రాజ్యాంగం ఉంది. నాయకుడిని ఏటా ఎన్నుకుంటారు. 2006లో పదవిలో ఉన్న నాయకుడిని తొలగించాలనే తీర్మానమే ఓటుకొచ్చింది, వీగిపోయింది, ఆయన కొనసాగారు. 2014లో కంప్యూటర్ ఆన్ కాగానే మిగతా ప్రోగ్రామ్‌లను మొదలుపెట్టే సిస్టమ్‌డీని తీసుకోవాలా అని సాంకేతిక కమిటీ నాలుగు నాలుగుగా చీలితే, కమిటీ అధ్యక్షుడి ఓటుతో సిస్టమ్‌డీకి అనుకూలంగా తేలింది. అది నచ్చనివాళ్లు దేవువాన్ అని ఫోర్క్ తీసుకున్నారు, కొందరు పెద్దలు పదవులు వదిలేశారు, మనసులు విరిగాయి. అయినా ప్రాజెక్టు నిలబడింది.

అడిగేవాళ్లను అడిగేదెవరు

నియమావళి రాసి, మోడరేషన్ టీమ్‌ను పెడితే సరిపోతుందా? రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషకు ఆ రెండూ ఉండేవి. 2021 నవంబరు 22న ఆ మోడరేషన్ టీమ్ మొత్తం రాజీనామా చేసింది. కారణం, కోర్ టీమ్ ఎవరికీ జవాబుదారీ కాకుండా తనను తాను అందరికన్నా పైన పెట్టుకుంది, వాళ్ల మీద నియమావళిని అమలు చేయలేకపోతున్నాం అని. అసలు ఏం జరిగిందో చెప్పలేదు, గోప్యత కాపాడాలి కాబట్టి. మామూలు సభ్యుడి మీద పనిచేసే నియమం పైవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతే, పిల్లి మెడలో గంట కట్టేదెవరన్న పాత చిక్కే మళ్లీ.

తాత్కాలిక ఏర్పాట్లతో ఏడాదిన్నర గడిచింది. 2023 మేలో రస్ట్ సదస్సుకు ప్రధాన ప్రసంగం ఇవ్వమని పిలిచిన ఒక వక్తను, తర్వాత మామూలు ప్రసంగానికి తగ్గించారు. ఎవరు నిర్ణయించారు అని వక్త అడిగితే స్పష్టమైన జవాబు లేదు. నాయకుల చాట్‌లో ఎవరో అభ్యంతరం చెప్పారు, ఇంకెవరో దాన్ని నిర్ణయంగా తీసుకుని నిర్వాహకులకు చేరవేశారు. తిలా పాపం తలా పిడికెడు. వక్త తప్పుకున్నారు, తర్వాత క్షమాపణలొచ్చాయి, తమ పాత్ర ఒప్పుకుంటూ కొందరు సొంత పేర్లతో రాశారు కూడా. బృందం పేరుతో వచ్చే క్షమాపణకూ, "నేను ఇది చేశాను" అని ఒక మనిషి రాసే మాటకూ ఎంత తేడానో అప్పుడు తెలిసింది. ఆ జూన్‌లోనే కోర్ టీమ్ స్థానంలో, ఒక్కో టీమ్ నుంచి ఒక్కో ప్రతినిధితో లీడర్‌షిప్ కౌన్సిల్ ఏర్పడింది.

పైన ఉన్నవాళ్లూ మనుషులే

ఇంతవరకూ నాయకులను నిలదీయడం గురించే మాట్లాడాను. కానీ ఈ నాయకుల్లో చాలామంది జీతం లేకుండా, రాత్రిళ్లు, సెలవు రోజుల్లో పనిచేసేవాళ్లు. 2018 జులై 12న పైథాన్ ప్రోగ్రామింగ్ భాష సృష్టికర్త గీడో వాన్ రోసమ్ నాయకత్వం వదిలేశారు. కోడ్‌లో ఒక వేరియబుల్‌కు విలువ కేటాయించడం, దాన్ని అక్కడే వాడుకోవడం ఒకే ఎక్స్‌ప్రెషన్‌లో చేసే చిన్న ఆపరేటర్ (గుర్తు) మీద నెలల తరబడి జరిగిన వాదన ఆయన్ని అంతగా నలిపేసింది. ఇంత పోరాడి చివరికి ఇంతమంది నా నిర్ణయాన్ని అసహ్యించుకోవడం ఇక నా వల్ల కాదు అన్నది ఆయన మాటల భావం.

ఎక్స్‌జెడ్ ఉదంతం ఇంకా భయంకరం. ఆ కంప్రెషన్ లైబ్రరీని ఒకే ఒక్క మెయింటైనర్ ఏళ్లుగా చూసుకునేవారు. 2022లో గుర్తు తెలియని ఖాతాలు "ఎందుకింత ఆలస్యం, చేతకాకపోతే ఇంకొకరికి ఇవ్వు" అని వెంటపడ్డాయి. తన మానసిక ఆరోగ్యం బాగోలేదని, ఇది జీతం లేని పని అని ఆయన చెప్పుకున్నారు. చివరికి సాయం చేస్తున్నట్టు నటించిన జియా టాన్ అనే ఖాతాకు హక్కులు ఇచ్చారు. 2024 మార్చి 29న, లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని అనుమానం వచ్చిన ఇంజినీర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ తవ్వి చూస్తే, ఆ లైబ్రరీలో దొడ్డిదారి బయటపడింది. జవాబుదారీతనం పేరుతో చేసే ఒత్తిడి కూడా ఆయుధమవుతుంది. అందుకే నాయకుడి నుంచి జవాబు అడిగే దారి ఎంత అవసరమో, నాయకుడు పరువుతో దిగిపోయే దారి, అలసిపోయాను అని చెప్పగలిగే దారి అంతే అవసరం.

పైథాన్ ఆ పని బాగా చేసిందని నా నమ్మకం. గీడో వారసుణ్ని ప్రకటించలేదు, మీరే తేల్చుకోండి అన్నారు. డెవలపర్లు ఏడు రకాల పాలనా పద్ధతులు రాసుకుని, 2018 డిసెంబరులో ఓటేసి, ఐదుగురితో స్టీరింగ్ కౌన్సిల్‌ను ఎంచుకున్నారు. ఒకే కంపెనీ ఉద్యోగులు ఇద్దరికి మించకూడదు. మూడింట రెండొంతుల ఓట్లతో అవిశ్వాస తీర్మానం నెగ్గితే కౌన్సిల్ సభ్యుడినైనా, మొత్తం కౌన్సిల్‌నైనా దించేయొచ్చు. మొదటి కౌన్సిల్‌కు గీడో కూడా పోటీచేసి ఐదుగురిలో ఒకరిగా గెలిచారు. లోపాలు లేవని కాదు. 2024 ఆగస్టులో దశాబ్దాల అనుభవమున్న ఒక కోర్ డెవలపర్‌ను మూడు నెలలు సస్పెండ్ చేసినప్పుడు, కారణాలు అస్పష్టంగా ఉన్నాయని లోపలివాళ్లే గట్టిగా అభ్యంతరం చెప్పారు. వాళ్లు అలా చెప్పడం నాకు మంచిదనే అనిపించింది, ఎందుకంటే శిక్ష వేసేవాళ్లు కూడా కారణం విడమరిచి చెప్పాల్సిందే.

మా చిన్న లైబ్రరీకి రాజ్యాంగాలు అక్కర్లేదు. పోయిన ఏడాది ముగ్గురం కూర్చుని ఒక పేజీ రాసుకున్నాం. డొమైన్ ఇప్పుడు ఇద్దరి చేతిలో ఉంది, ప్యాకేజీ విడుదల ఖాతా రికవరీ కోడ్ మూడో మనిషి దగ్గర ఉంది, ముగ్గురిలో ఎవరి మీదైనా ఫిర్యాదు వస్తే విచారించడానికి ఇంకో ప్రాజెక్టులో పనిచేసే ఒకరు ఒప్పుకున్నారు. రాసేటప్పుడు మా మెయింటైనర్ చాలాసేపు మౌనంగా ఉండి, ఆ పాత ప్యాచ్ లింక్ తనే తీసి మా ముందు పెట్టారు. మూసేసిన దాన్ని మళ్లీ తెరిచి, ఖాళీలు ఆయనే సరిచేసి, పదకొండు లైన్లూ పంపినవాళ్ల పేరుతోనే చేర్చారు. కింద తన పేరుతో క్షమాపణ రాశారు. దాని కింద, ఆ రోజు ఎందుకు ఊరుకున్నానో నేనూ రాశాను. ఆ మనిషి నుంచి ఇంకా జవాబు రాలేదు.